భవాని చెప్పిన మూడో సీజన్

కిందటి వారం కొత్తపేట బస్టాండులో నా ముందు నిలబడ్డ ఒకాయన గల్ఫు నుంచి తెచ్చుకున్న అట్టపెట్టె తాడు తెగి, పెట్టె మూత విచ్చుకుంది. సబ్బులు, పాలపొడి, తలనొప్పి నూనె, ఖర్జూరం, మడత విప్పని కొత్త దుప్పటి, అన్నీ కలిసిపోయిన ఆ వాసన ముక్కుకి తగిలేసరికి నాకు మళ్ళీ పదేళ్ళ వయసు వచ్చేసింది. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ వయసులో నా కడుపులో రగిలిన కుళ్ళు కూడా వెంటే వచ్చేసింది. ఎందుకంటే ఆ వాసన మా ఇంట్లో ఎన్నడూ రాలేదు. మా పక్కింట్లో వచ్చేది. భవాని వాళ్ళింట్లో.

భవాని వాళ్ళ నాన్నగారు మస్కట్‌లో క్రేను నడిపేవారు. మా నాన్న ఊళ్ళోనే వరి చేసుకుంటూ, పెరట్లో కొబ్బరి దింపులు చూసుకునేవాడు. మా రెండిళ్ళ మధ్య మందారాల దడి ఒక్కటే అడ్డం. దానికి మేమిద్దరం ఎప్పుడో సందు చేసుకున్నాం. ఒకే క్లాసు, ఒకే బెంచీ, ఒకే గొడుగు. అయినా దాని రబ్బరు ద్రాక్షపండు వాసన వచ్చేది, నా రబ్బరు రబ్బరు వాసనే వచ్చేది. దాని జామెట్రీ పెట్టె నొక్కితే తెరుచుకునేది, నాది గోరు విరిగితే గాని తెరుచుకునేది కాదు. ఇవన్నీ నేను లోలోపల లెక్కపెట్టుకుంటున్నానని ఆ పిల్లకి తెలియదు. సగం రబ్బరు విరిచి నా చేతిలో పెట్టి, ఇంకోటి వస్తుందిలే అనేది. ఇస్తున్నందుకు కూడా నాకు దాని మీద కోపం వచ్చేది.

అయిదో తరగతిలో ఉండగా మా పిల్లలందరికీ ఒకటే పిచ్చి పట్టుకుంది. రోజూ సాయంత్రం అయిదింటికి కేబులు టీవీలో, తెలుగు మాటలు చెప్పించిన ఒక జపాను బొమ్మల సీరియల్ వచ్చేది. మేఘపురం అనే ఊళ్ళో పిల్లలు మబ్బుల్ని దూడల్లా పెంచుకుని, వాటినెక్కి ఆకాశంలో తిరుగుతూ ఉండేవాళ్ళు. వాళ్ళలో తారో అనే కుర్రాడంటే మాకు ప్రాణం. బడి వదలగానే సంచులు అరుగు మీద పడేసి, కాళ్ళకంటిన వర్షాకాలపు బురదతోనే భవాని వాళ్ళ హాల్లోకి పరిగెత్తేవాళ్ళం, ఊళ్ళో పెద్ద టీవీ వాళ్ళదే కాబట్టి. భవాని నాయనమ్మ, మేమంతా సూరమ్మ మామ్మ అని పిలిచే ఆవిడ, మినపరొట్టె ముక్కలు కోసి, పైన బెల్లం పాకం పోసి తలా ఒకటి పెట్టి, తను కూడా స్తంభానికి చేరగిలబడి చూసేది. కథ ఏదైనా ఆవిడ ప్రశ్న ఒకటే.

"ఆ కుర్రాడు పొద్దుటి నుంచీ తిరుగుతానే ఉన్నాడు, అన్నం తిన్నాడా లేదా?"

సీరియల్ అయిపోయాక కాలవ గట్టు మీదికి చేరి, రాలిపడ్డ కొబ్బరి మట్టల మీద ఒకరు కూచుంటే ఇంకొకరు లాగుతూ మబ్బుల ఆట ఆడేవాళ్ళం. లాగులూ గౌన్లూ వెనకవైపు చిరిగి ఇంటికెళ్తే వీపు చిట్లేది. ఆ ఆటలో తారో వేషం నాదే. తారో బొమ్మని నోటుపుస్తకంలో అచ్చు దించగలిగేది నేనొక్కదాన్నే కాబట్టి ఎవరూ కాదనేవాళ్ళు కాదు. అంతమంది పిల్లల్లో నాకున్న గొప్ప అదొక్కటే.

రెండు సీజన్లు అలా గడిచాయి. మూడో సీజను త్వరలో వస్తుందని టీవీలో చూపించిన రోజు మా క్లాసు నిలువునా చీలిపోయింది. అందులో తారో లేడు. మియో అనే కొత్తమ్మాయి ఉంది. బొమ్మలు గీసిన తీరు కూడా మారిపోయింది. గుండ్రటి కళ్ళు కోలగా అయ్యాయి, మబ్బులకి రంగులొచ్చాయి. మర్నాడు రాంబాబు బెంచీ ఎక్కి నిలబడ్డాడు.

"తారో లేకపోతే అది మేఘపురవే కాదు. నేను చూడను. చూసినోళ్ళతో మాట్లాడను."

సగం మంది అతని వెనక చేరారు. మిగతా సగం, ముఖ్యంగా ఆడపిల్లలం, మియో బాగుందన్నాం. అవును, మొదట్లో నేను మియో వైపే. మబ్బు మీద ఆడపిల్ల ఎక్కడం అదే మొదటిసారి చూడటం. గుట్టుగా ఆ పిల్ల బొమ్మ కూడా వేసుకున్నాను.

దసరా సెలవల ముందు మస్కట్ నుంచి పెట్టె వచ్చింది. అందులో సబ్బుల కింద, దుప్పటి మడతలో, మేఘపురం మూడో సీజను డిస్కులు మొత్తం ఉన్నాయి. మా కేబులు వాడు ఇంకా రెండో సీజన్నే తిప్పితిప్పి వేస్తూ ఉంటే, భవాని చేతిలో మూడోది పూర్తిగా ఉంది. నేను ఆ క్షణంలోనే మియోని వదిలేశాను.

చిక్కేమిటంటే ఆ డిస్కుల్లో మాటలన్నీ అరబ్బీలో ఉన్నాయి. పాతికమంది పిల్లలం చాపల మీద కూచుని మొహాలు చూసుకుంటూ ఉంటే, భవాని టీవీ పక్కకి వెళ్ళి నిలబడింది.

"నాకొచ్చు. మా నాన్నగారు ఫోన్లో నేర్పేరు. నే చెప్తాను, వినండి."

ఇక సెలవలన్నాళ్ళూ మధ్యాహ్నాలు, వీధి తలుపులు జేరవేసి, బయట ఎండలో ఒలిచిన కొబ్బరి డొక్కలు ఎండుతూ ఉండగా, ఆ పిల్ల తెర మీద పెదవులు కదిలినప్పుడల్లా తెలుగులో మాట అందించేది. ముసలివాడికి ముసలి గొంతు, చంటిపిల్లకి ముద్దు గొంతు. తారో ఎందుకు లేడో అది చెప్పిన నాడు హాల్లో ఒక్క పిల్ల కదల్లేదు. తారో ఊరిని కాపాడబోయి తానే మబ్బయిపోయాడు. మియో అతని చెల్లెలు. ఆకాశంలో ఉన్న ఇన్ని మబ్బుల్లో ఏది తన అన్నో తెలియక, కనపడ్డ ప్రతి మబ్బునీ అన్న పేరు పెట్టి పిలుస్తూ తిరుగుతోంది. రంగులు మారింది కూడా అందుకేనట, మనిషి కలిసిన మబ్బు తెల్లగా ఉండదట. రాంబాబు తల దించుకుని చొక్కాతో మొహం తుడుచుకోవడం నేను చూశాను. మూడో సీజను చూడనన్నవాళ్ళు ఒక్కొక్కళ్ళే మియో పక్షానికి వచ్చేశారు.

నేను మాత్రం ఎదురు పక్షానికి పెద్దనయ్యాను. బొమ్మలు బాగోలేదన్నాను, ఆ పిల్ల ఏడుపుగొట్టుదన్నాను, పాతవే మేలన్నాను. ఇంటికెళ్ళి దుప్పటి ముసుగేసుకుని మియో కోసం ఏడ్చేదాన్ని. మబ్బుల ఆటలో తారోనే లేకపోయేసరికి నా వేషం కూడా పోయింది. ఇప్పుడందరూ భవాని చుట్టూ చేరి తర్వాతేమవుతుందో చెప్పమని బతిమాలేవాళ్ళు. అంతకుముందు బొమ్మ వేసిపెట్టమని నన్ను బతిమాలిన వాళ్ళే.

ఎనిమిదో భాగం చూస్తుండగా కరెంటు పోయింది. వచ్చాక మళ్ళీ మొదటినుంచీ వేశారు. ఒక ముసలాయన మియో చేతులు పట్టుకుని మాట్లాడే చోట, భవాని మొదటిసారి చెప్పిన మాటలు వేరు, రెండోసారి చెప్పినవి వేరు. రెండోవే ఇంకా బాగున్నాయి. ఎవరూ గమనించలేదు. నేను మాత్రం పట్టేశాను. దీనికి అరబ్బీ రాదు. ఒక్క ముక్క రాదు. ఇన్ని రోజులుగా మమ్మల్ని ఏడిపిస్తున్నదంతా దాని బుర్రలోంచి వస్తోంది.

అబద్ధం చెప్పిందన్న కోపం కాదు నాది. డిస్కులున్నాయి కాబట్టి గొప్పదయింది అనుకుని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకున్నాను. డిస్కులు మా నాన్న తెచ్చినా నేను ఆ పని చెయ్యలేను. నేను ఉన్న బొమ్మని చూసి దించుతాను. అది లేని కథని పుట్టిస్తోంది. ఇది తెలిశాక నాకు అన్నం సయించలేదు.

కార్తీక మాసంలో భవాని నాన్నగారు సెలవు మీద వచ్చారు. ఆ ఆదివారం మధ్యాహ్నం హాలు కిటకిటలాడిపోతోంది. ఆయన కొత్త లుంగీ కట్టుకుని, ఊరి పిల్లలంతా తన ఇంట్లో ఉన్నందుకు మురిసిపోతూ, తల్లి పక్కన పీట వేసుకుని కూచున్నారు. నేను ముందే అనుకుని వెళ్ళాను. ఎనిమిదో భాగం పెట్టించాను. ముసలాయన రాగానే లేచాను.

"బాబాయ్ గారూ, మీకు అరబ్బీ వచ్చు కదండీ. ఆయనేవంటున్నాడో మీరు చెప్పరా అండీ?"

"ఆయ్, దానికేవుందమ్మా పద్దూ, చెప్తాను." ఆయన ముందుకి వంగి, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. "పరీక్ష పాసైతే పెద్ద పోటీకి పంపిస్తానంటున్నాడు. ఒళ్ళు జాగ్రత్తగా చూసుకోమంటున్నాడు. అంతేనమ్మా."

"మరి తారో మబ్బయిపోయేడన్నావేంటే?" అన్నాడు రాంబాబు, భవాని వైపు తిరిగి.

ఆయన కూతురి మొహం చూశారు. ఆ పిల్ల టీవీ పక్కన నిలబడి పరికిణీ కుచ్చిళ్ళు రెండు చేతులతో నలుపుతోంది. ఏం జరిగిందో ఆయనకి ఆ ఒక్క చూపులోనే అర్థమైపోయింది.

"అయినా నాది క్రేను అరబ్బీరా బాబూ," అన్నారు గబగబా. "ఎత్తు, దించు, ఆగు. ఇంతకంటే నాకేవొచ్చు? అమ్మాయికి నాకంటే బాగా వచ్చు. దాన్నే చెప్పనీండి, మనం విందాం."

ఎవరూ నమ్మలేదు. భవాని టీవీ ఆపేసింది. వాళ్ళ నాన్నని చూడలేదు, రాంబాబుని చూడలేదు. నన్ను చూసింది. తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది. నేనెందుకలా చేశానో వెతుకుతున్నట్టు, దారి తెలియని మనిషిని చూసినట్టు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత బళ్ళో దానికి అరబ్బీ పంతులమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టింది కూడా నేనే. వేసవిలో, ముంజెల గెలలు దిగే రోజుల్లో, మూడో సీజను తెలుగులో వచ్చింది. తారో పై చదువుకి వేరే ఊరెళ్ళాడట. మియో పరీక్షలు రాసింది, పోటీల్లో గెలిచింది, అంతే. మొదట అందరూ భవానిని చూసి నవ్వారు. నెల తిరిగేసరికి నవ్వులు ఆగిపోయి, మా గుంపు మళ్ళీ రెండయింది. ఇదే అసలు కథ, ఇదే చూడాలన్నవాళ్ళు కొందరు. భవాని చెప్పిందే కావాలన్నవాళ్ళు మిగతా అందరూ. రాంబాబు వెళ్ళి అడిగాడు కూడా, అబద్ధమైనా ఫరవాలేదు చెప్పవే అని. చివరి నాలుగు భాగాలు ఇంకా మిగిలే ఉన్నాయి. ఆ పిల్ల నోరు విప్పలేదు. సూరమ్మ మామ్మ మాత్రం ఆ తర్వాత చాలా రోజులు, బియ్యంలో మట్టిగడ్డలు ఏరుతూ అడిగేది.

"ఆ కుర్రాడు ఇంటికెప్పుడొస్తాడే, చెప్పేవు కాదు?"

దడిలో మా సందు, మందార కొమ్మలు అడ్డంగా పెరిగి, ఎప్పుడో మూసుకుపోయింది.

ఇప్పుడు ఆ సీరియల్‌కి పన్నెండో సీజను నడుస్తోంది. ఫోనులో అభిమానుల గుంపులున్నాయి. ఎక్కడెక్కడి వాళ్ళో ఇప్పటికీ మూడో సీజను మీద కొట్టుకుంటూ ఉంటారు. సీరియల్‌ని పాడు చేసింది అదేనని కొందరు, మియో లేకపోతే ఎప్పుడో ఆగిపోయేదని కొందరు. నేను మొదటి గుంపులో ఉన్నాను. ఇంత కటువుగా ఎందుకు రాస్తావని ఒకరిద్దరు అడిగారు కూడా. నేను దేనితో పోల్చి బాగోలేదంటున్నానో వాళ్ళకెలా చెప్పను? అది చూసినవాళ్ళం ఒక ఊళ్ళో పాతికమందిమి.

బస్టాండులో ఆ వాసన తగిలాక నేను వెళ్ళాల్సిన చోటికి వెళ్ళలేదు. అమలాపురంలో బస్సు మారి మామిడికుదురు వెళ్ళాను. భవానిని అక్కడే ఇచ్చారు. మెయిన్ రోడ్డు మీద టైలరింగు షాపు పెట్టుకుంది. లావయింది, కళ్ళద్దాలొచ్చాయి. నన్ను చూడగానే మిషను ఆపి లేచింది.

"ఏవే పద్దూ! ఎన్నాళ్ళకెన్నాళ్ళకే! రా, కూచో, టీ తాగుదువు గాని."

టీ తాగాం. మామ్మ పోయిన సంగతి, వాళ్ళ నాన్నగారి మోకాళ్ళ నొప్పులు, మా ఊళ్ళో వాళ్ళిల్లు కూలగొట్టి డాబా వేసిన సంగతి మాట్లాడుకున్నాం. ఆ హాలు లేదు, ఆ దడి లేదు, అయిదింటికి అందరినీ ఒకచోట కూచోబెట్టే టీవీ ఏ ఊళ్ళోనూ లేదు. కప్పు కింద పెట్టి, ఇరవై ఏళ్ళుగా నా లోపల నలుగుతున్నది చెప్పేశాను.

"ఆ రోజు నేను కావాలనే అడిగేనే, భవానీ. నీకు అరబ్బీ రాదని నాకు ముందే తెలుసు."

"నాకూ తెలుసులే," అంది, దారం కొసని నోటితో తడిపి సూదిలోకి ఎక్కిస్తూ.

"కుళ్ళుతో చేసేను."

"అదీ తెలుసు."

అడిగేశాను. "చివరికి ఏవవుతుందే? మియోకి అన్న దొరుకుతాడా? గుర్తుందా నీకు?"

భవాని తలెత్తి కళ్ళద్దాల మీంచి నన్ను చూసింది. కోపం లేదు. పాత చూపూ కాదు.

"ఎందుకు గుర్తులేదు, అంతా గుర్తుంది. మా పిల్లకి జ్వరవొచ్చినప్పుడు మొత్తం చెప్పేను. నీకు మటుకు చెప్పనే, పద్దూ. ఏవనుకోకు."

ఏమనుకోనన్నాను. భవాని మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆ చప్పుడులో నాకు చోటు లేకపోలేదు గాని, ఆ కథలో లేదు.

నేను లేచేసరికి బడి నుంచి దాని కూతురొచ్చింది. రెండో తరగతట. రెండు జడలు, ముందుపళ్ళు లేవు. తల్లి చెప్పగా నాకు దణ్ణం పెట్టి, నేనిచ్చిన బిస్కట్ పేకెట్టు పుచ్చుకుని, బోసినోటితో నవ్వింది. దానికి అంతా తెలుసు. చివరి నాలుగు భాగాలూ తెలుసు. ముప్పై ఏళ్ళు దాటినదాన్ని, చదువుకున్నదాన్ని, బస్సొచ్చేదాకా రోడ్డు మీద నిలబడి, షాపు మెట్ల మీద కూచుని బిస్కట్లు తింటున్న ఆ పిల్లని చూసి కుళ్ళుకున్నాను.