చెరువు ఊఁ కొట్టాలి

పదవీ విరమణకు రెండేళ్ళ ముందు, వానాకాలం మొదట్లో, రాజమండ్రిలోని మా చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ నన్ను రొయ్యల చెరువుల పనికి ప్రాజెక్టు మేనేజరుగా వేసింది. నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో గట్టు మీది పరికరం కొలుస్తుంది. ఆ అంకె రైతు ఫోన్లో, మా వెబ్ పేజీలో ఎప్పటికప్పుడు కనిపించాలి. ఆక్సిజన్ పడిపోతే రొయ్య గంటల్లో చచ్చిపోతుంది.

మొదట పేజీయే మాటిమాటికీ సర్వరును అడిగేలా రాశాం. దీన్ని పోలింగ్ అంటారు. బస్సెక్కిన దగ్గర్నుంచీ "ఊరొచ్చిందా?" అని ప్రాణం తీసే పిల్లాడి వరస. ఫోన్ల బ్యాటరీలు దిగిపోయాయి, సర్వరు చతికిలబడింది. తరువాత వెబ్‌సాకెట్‌కు మారాం. అందులో ఒకసారి కలిపిన లైను తెరిచే ఉంటుంది, అంకె మారినప్పుడు సర్వరే చెబుతుంది. ఇక గట్టెక్కామనుకున్నాను.

టెస్టింగ్ చూసే పద్మావతి గారు ఒప్పుకోలేదు. "ఫోన్లో మీరు ఊఁ కొట్టకపోతే హలో హలో అంటాను కదండీ. ఈ పేజీ అనదేంటండి? లైను తెగిపోయినా పాత అంకే చూపిస్తా కూర్చుంటుంది," అన్నారు. సర్వరు చేత ఊఁ అనిపిద్దామన్నాను. "మధ్యవాడి ఊఁ నాకెందుకండీ? చెరువు అనాలి," అన్నారు. పని వెనకబడుతుందని విసుక్కున్నాను. ఆవిడ కదల్లేదు. చివరికి గట్టు మీది పరికరమే కొన్ని క్షణాలకోసారి చిన్న సంకేతం పంపేలా చేశాం. మా వృత్తిలో దాన్ని హార్ట్‌బీట్ అంటారు.

పాలకొల్లు దగ్గర సత్యనారాయణ గారి చెరువు పట్టుబడికి, అంటే రొయ్యలు పట్టి అమ్మే దశకు, వచ్చింది. పెట్టుబడంతా నీళ్ళలోనే ఉంది. మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నం ఆయన నిడదవోలులో పెళ్ళి భోజనానికి కూర్చుని, పేజీ తెరిచిన ఫోను పక్కనే పెట్టుకున్నారు. చెరువు దగ్గర కరెంటు పోయింది. నీళ్ళను చిలికే ఏరేటర్లు ఆగాయి, గట్టు మీది పరికరమూ ఆగింది. చివరిగా వచ్చిన అంకె మాత్రం నిక్షేపంగా ఉంది. ఊఁ రాకపోవడంతో పేజీ ఎర్రబడి మోగింది. ఆయన విస్తరి ముందు నుంచే పక్క చెరువు రైతుకు ఫోన్ చేశారట: "బావా, మా జనరేటరెయ్యి, ముందు ఏరేటర్లు తిప్పు!" ఆ రైతు పరుగెత్తాడు. రొయ్యలు దక్కాయి.

సాయంత్రం సత్యనారాయణ గారు నాకు ఫోన్ చేసి, "మీరు దేవుడండి బాబూ," అన్నారు. ఆ మాట నాకు చెందదని ఫోను పద్మావతి గారికిచ్చాను. ఆవిడ, "రొయ్యలు తేరుకున్నాయాండి?" అని మాత్రం అడిగారు.

ఆ తరువాత ఏ పని చేతికొచ్చినా, సమాచారం ఎంత వేగంగా వస్తుందని కాక, రావడం ఆగిపోతే చూసేవారికి ఎలా తెలుస్తుందని ముందు అడిగాను. ఆ ప్రశ్న నాకు పద్మావతి గారు ఇచ్చినది. ఆవిడకు నేను ఋణపడి ఉన్నాను.