ఉమాపతి గారి హైడ్రోజన్ వ్యాను

ఎవరైనా కొత్త బండి కొంటున్నారని చెవిన పడితే చాలు, మా ఉమాపతి గారు వాళ్ళింటికి బయల్దేరేవారు. అభినందించడానికి కాదు, మాన్పించడానికి. "తొందరపడకండి. పెట్రోలు, డీజిలు పనైపోయింది. వచ్చే సీజనుకల్లా హైడ్రోజన్ బండ్లు దిగిపోతున్నాయి. నీళ్ళలోంచి తీసిన గ్యాసుతో నడుస్తాయి, గొట్టంలోంచి పొగ రాదు, నీళ్ళే వస్తాయి" అనేవారు. పెళ్ళిళ్ళు చెడగొట్టే మనుషుల్ని చూశాను గానీ, స్కూటర్లు చెడగొట్టే మనిషిని ఆయన్నొక్కర్నే చూశాను.

ఆయన నూజివీడు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవారు, నేను హిస్టరీ. పక్కపక్క వాటాల్లో ఉండేవాళ్ళం. చరిత్ర చదివినవాణ్ణి కాబట్టి, ఈ లోకంలో ఏదీ బాగుపడదని నాకు గట్టి నమ్మకం.

"ఆ వచ్చే సీజను ఎప్పుడండీ? పోయినేడూ ఇదే మాటన్నారు" అని దెప్పేవాణ్ణి.

"అవును, ఇదే అన్నాను. మాట మార్చానా?" అనేవారు.

వాళ్ళావిడ సౌభాగ్యలక్ష్మి గారు కిరసనాయిలు స్టవ్వు పంపు కొడుతూ వంటింట్లోంచి అందుకునేవారు. "ఊరందరికీ హైడ్రోజన్ పంచుతారు అన్నయ్యగారూ! మామూలు గ్యాసు బండకి పేరు రాయించి ఎన్నేళ్ళైందో ఆ దేవుడికే తెలియాలి."

ఎనభై నాలుగులో అనుకుంటాను, మామిడికి పాడుకాలం వచ్చింది. తేనెమంచు పురుగు సగం పూతని మాడ్చేస్తే, మిగిలిన పిందెల్ని గాలివాన రాల్చేసింది. తోటల్లో పనుల్లేవు. ఊళ్ళో ఎవరి మొహం చూసినా కళ ఉండేది కాదు. ముసునూరు వైపు తోటల్నుంచి కాయ తెచ్చే ఎద్దుబండ్లు ఒక్కొక్కటే సంతకు వెళ్ళిపోయాయి. ఎద్దులు ఆ తర్వాత ఎటు పోయాయో ఎవరూ అడిగేవారు కాదు. మామిడి వ్యాపారి ప్రభాకరరావు దగ్గర ఆఖరికి నరసింహులు బండి ఒక్కటే మిగిలింది. ఆయన దాన్ని కూడా మాన్పించి డీజిలు వ్యాను కొంటానంటున్నాడు.

నరసింహులు మా అరుగు మీద చతికిలబడ్డాడు. "వ్యాను వస్తే నా పని అయిపోయినట్టేనండీ. సెంటు భూమి లేదు. ఈ వయసులో బస్తాలు మొయ్యమంటే నడుం ఉండొద్దాండీ?"

"వ్యాను రాదు లేవోయ్. హైడ్రోజన్ వస్తుంది" అన్నారు ఉమాపతి గారు.

నాకు ఒళ్ళు మండింది. కూడు పోతోందని వాడు ఏడుస్తుంటే ఈయన గ్యాసు గోలేంటి?

మర్నాడే ఆయన ప్రభాకరరావు కొట్టుకి వెళ్ళారు. పెద్దమనిషి ఒక్కరే వెళ్తే ఏం ముంచుకొస్తుందోనని నేనూ వెంట వెళ్ళాను. సంచీలోంచి సోడాబుడ్డి తీసి, అందులో జింకు ముక్కలేసి, యాసిడ్ పోశారు. మూతి దగ్గర అగ్గిపుల్ల గీసి పెట్టారు. టప్పుమంది. ప్రభాకరరావు రసాల గుట్ట మీదినుంచి అవతలికి దూకాడు.

"కాయ ముగ్గడానికి కార్బైడ్ పొట్లాలు పెట్టుకున్న కొట్టండీ ఇది! అగ్గిపుల్ల గీస్తారేంటి మాస్టారూ, అందర్నీ కాటికి పంపుతారా?"

"బుడ్డెడు గ్యాసుకే ఇంత బలం! రేపు ఏలూరు వ్యాపారులంతా హైడ్రోజన్ వ్యానుల్లో పోతుంటే, మీరు డీజిలు పొగలో దగ్గుకుంటూ పోతారా?"

ఆ మాట పనిచేసింది. పక్కవాడి కంటే వెనకబడిపోతానేమోనన్న బెంగ ప్రభాకరరావుకి పుట్టుకతో వచ్చింది. వ్యాను వాయిదా పడింది.

"ఎన్నాళ్ళు ఆపుతారు? ఎప్పుడో ఒకప్పుడు కొంటాడు. ఆ నరసింహులుకి లేనిపోని ఆశలు పెట్టకండి" అన్నాను. ఆయన తల గోక్కున్నారు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం నరసింహుల్ని వెంటబెట్టుకుని హనుమాన్ జంక్షన్ వెళ్ళడం మొదలెట్టారు. ఎందుకని అడిగితే, "హైడ్రోజన్ టాంకు చేయిస్తున్నాం" అనేవారు. ఉన్న ఒక్క సెలవు రోజూ ఆ బక్కప్రాణి చేత ఇనుము మోయిస్తున్నాడీ మహానుభావుడు అని తిట్టుకున్నాను.

ఓ ఆదివారం బెజవాడ వెళ్తూ, బస్సు మారడానికి జంక్షన్‌లో దిగాను. లారీల షెడ్డు వెనక ఖాళీ జాగాలో ఒక డొక్కు వ్యాను వంకరటింకరగా పోతోంది. లోపల్నుంచి "హో... హో... హోహో!" అని కేకలు. ఆ కేకలకి వ్యాను ఆగలేదు. మట్టిదిబ్బకి గుద్దుకుని ఆగింది.

"బ్రేకు కాలితో తొక్కాలయ్యా! స్టీరింగు పట్టుకుని వెనక్కి లాగితే ఆగడానికి ఇదేమన్నా ఎద్దా?" అని లారీ డ్రైవరు శౌరి నెత్తి బాదుకున్నాడు.

"చేతులు వినట్లేదండీ" అంటూ స్టీరింగు దగ్గర్నుంచి దిగాడు నరసింహులు. చెమట తుడుచుకుని, బకెట్టుతో నీళ్ళు తెచ్చి వ్యాను ముందు పెట్టాడు. "దీనికి దాహంగా ఉంటుందండీ."

"అదొక్కటీ కరెక్టు. రేడియేటర్లో పొయ్యి" అన్నాడు శౌరి.

పక్క సీటులో ఉమాపతి గారు గొడుగు కావలించుకుని, కళ్ళు మూసుకుని ఉన్నారు. రెక్క పట్టుకుని దింపాను. "ఇదేనా మీ టాంకు?"

"అరవకండి. ప్రభాకరరావు కొనేలోపల ఇతనికి లైసెన్సు రావాలి. కొన్నాక డ్రైవరు కావాలంటే జంక్షన్‌లో వందమంది దొరుకుతారు. ముందే మనవాడు సిద్ధంగా ఉంటే కాదనడు."

"శౌరి ఊరికే నేర్పుతున్నాడా?"

"వాళ్ళమ్మాయి లీదియాకి ఇంటరు కెమిస్ట్రీ చెబుతున్నాను."

"మరి హైడ్రోజన్?"

ఆయన మొహం చిన్నబోయింది. "మన కాలంలో రాదండీ. నీళ్ళలోంచి దాన్ని విడదియ్యడానికి బోలెడు కరెంటు కావాలి. పెట్టినంతా తిరిగి రాదు. మనకా, ఇంట్లో బల్బుకే దిక్కులేదు. తీశాక దాచడం ఇంకో తలనొప్పి. కుక్కి నింపడానికి ఉక్కు సిలిండర్లు పెడితే వాటితోనే వ్యాను నిండిపోతుంది, ఇక కాయలెక్కడ పెడతారు? దారిలో నింపుకోవడానికి బంకులేవి? ఎప్పటికో వస్తుంది. మనం చూడం." ఏదీ బాగుపడదని రోజూ పాడే నాకే ఆయన నోట ఆ మాట వింటే గుండె కలుక్కుమంది. ఆయనకి హైడ్రోజన్ మీద నిజంగానే ప్రాణం మరి.

కొన్ని నెలలకి లైసెన్సు వచ్చింది. పరీక్షలో నరసింహులు కాలితో బ్రేకు తొక్కుతూ నోటితో "హో" కూడా అన్నాడట. కాలు సరిగ్గా ఉంటే నోటితో ఏమన్నా ఫరవాలేదని బ్రేక్ ఇన్‌స్పెక్టరు నవ్వాడట. ఆ వారమే ఉమాపతి గారు ప్రభాకరరావు దగ్గరికి వెళ్ళి, "హైడ్రోజన్ కాస్త ఆలస్యమయ్యేలా ఉంది. ఈలోగా డీజిలే కొనండి. డ్రైవరు మన నరసింహులున్నాడు" అన్నారు. వ్యాను వచ్చింది. నరసింహులు స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఎద్దుల్ని మాత్రం అమ్మకుండా ఇంటి ముందే కట్టేసి మేపుకున్నాడు.

ఇక హైడ్రోజన్ పీడ విరగడైందనుకున్నాను. ఓ సాయంత్రం చూస్తే ఉమాపతి గారు సంచీలో సోడాబుడ్డి సర్దుకుంటున్నారు.

"ఎక్కడికండీ?"

"బాపులపాడు. అక్కడో వ్యాపారి వ్యాను కొంటున్నాట్ట, ఆపాలి."

"ఇంకా ఎందుకండీ ఈ అబద్ధాలు?"

"అక్కడ ఇద్దరు బండివాళ్ళున్నారు" అన్నారాయన చెప్పులేసుకుంటూ. "ఒకడు ఫరవాలేదు. రెండోవాడికి రివర్సు గేరంటే ఇంకా నమ్మకం కుదరట్లేదు."