రెండు చేతులూ

అతని ఉద్యోగం లొంగిపోవడం. తనంతట తానే గురిచూసి కాల్చే మరమనిషి ఎదుట రోజుకు మూడు వందలసార్లు చేతులెత్తి నిలబడాలి. అలా నిలబడినవాణ్ణి కాల్చకూడదని దానికి నేర్పాలి. గుర్తుపడితే దాని నుదుటి మీది ఎర్రదీపం పచ్చబడుతుంది. సాయంత్రానికి భుజాలు రాళ్ళైపోతాయి. ఇంట్లో ఎవరైనా గట్టిగా పిలిస్తే చేతులు వాటంతటవే లేస్తాయి. "ఇంకా డ్యూటీ దిగలేదా?" అని భార్య నవ్వుతుంది. మొన్న కుడిభుజం పట్టేసి ఒక్క చెయ్యే లేచింది. దీపం ఎర్రగానే ఉండిపోయింది. తూటాల్లేని తుపాకీ అతని గుండెకు గురిపెట్టి టక్కుమంది. "ఒక చెయ్యి పడిపోయినవాళ్ళ సంగతేంటి సార్?" అని అడిగాడు. "అలాంటివాళ్ళు ఎంతమంది ఉంటార్లేవయ్యా! యుద్ధం మన వీధుల్లోకి వచ్చేసింది. వచ్చే వారమే వీటిని కాపలాకి దించాలి" అన్నాడు ఇంజనీరు, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే.

అప్పట్నుంచి ఇంటికి రాగానే, పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన తండ్రిని మంచం మీద కూర్చోబెట్టి, ఆ చేతిని పైకెత్తి వదులుతున్నాడు. అది దబ్బున ఒళ్ళో పడుతుంది. "ఎందుకురా నా ప్రాణం తీస్తావు?" అని ముసలాయన ఏడుస్తాడు. "ఒక్క క్షణం నిలబెట్టు నాన్నా, ఆ మరమనిషి చూసేదాకా" అంటూ అతను మళ్ళీ ఎత్తుతాడు.