అభ్యంతరాలు ఏమీ రాలేదు

మా టైపు మాస్టారు మొన్న బుధవారం మంగళగిరిలో పోయారు. గుండె జబ్బుతో నెలన్నర ఆసుపత్రిలో ఉన్నారు. వాళ్లబ్బాయి నాకు ఫోన్ చేసిన గంటకే మా సాఫ్ట్‌వేర్ గ్రూపులో సంతాపాలు మొదలయ్యాయి. ‘మా పెద్దదిక్కు’ అని ఒకరు, ‘తీరని లోటు’ అని ఇంకొకరు. ఆ రెండు పేర్లూ చూసి నాకు ఒళ్లు మండింది. ఆయన మంచాన పడి ఉండగా ఆయన మాట తీసిపారేసిన ముగ్గురిలో వాళ్లిద్దరూ ఉన్నారు. మూడోవాణ్ణి నేనే.

తెలుగులో టైపు చేసుకోవడానికి మేం కొందరం కలిసి ఉచితంగా తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఓపెన్ సోర్స్ అంటారు. కోడ్ ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా మార్పు అడగొచ్చు. పెద్ద మార్పయితే మాత్రం ముందు ప్రతిపాదన రాసి అందరి ముందూ పెట్టాలి. రెండు వారాలు చర్చ. వచ్చిన ప్రతి అభ్యంతరానికీ రాసి జవాబు చెప్పాలి. ఆ తర్వాత బాధ్యత చూసే ముగ్గురం ఆమోదించాలి. అభ్యంతరం రాకపోతే అందరూ ఒప్పుకున్నట్టే లెక్క.

మాస్టారికి కోడ్ రాదు. ఆయన ముప్పై ఏళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. నేను టైపు లోయర్ పరీక్ష పాసయింది అక్కడే. టైపు మిషన్లు మూలపడ్డాక, వాటి మీద అక్షరాలు ఏ వరసలో ఉండేవో ఆ వరసనే మా సాఫ్ట్‌వేర్‌లో పెట్టించింది ఆయనే. గుంటూరు నుంచి ఒంగోలు దాకా దానికి చేతులు అలవాటు పడినవాళ్లు ఇంకా ఉన్నారని ఆయన పట్టు.

కొత్త ప్రతిపాదన ఏదొచ్చినా ప్రింటు తీయించి, సంచిలో పెట్టుకుని బస్సెక్కేవారు. చీమకుర్తి గ్రానైట్ ఆఫీసులో ఉత్తరాలు కొట్టే గుమాస్తాకి, సింగరాయకొండలో పెళ్లి కార్డులు వేసే డీటీపీ షాపతనికి తెలుగులో చదివి వినిపించేవారు. వాళ్లన్నది వాళ్ల మాటల్లోనే తెచ్చి గ్రూపులో పెట్టేవారు. మాకు విసుగొచ్చేది. ఒకసారి ఫోన్లో అనేశాను.

“ఇబ్బందుంటే వాళ్లే రాస్తారు కదండీ మాస్టారూ.”

“మీ గ్రూపొకటి ఉందని తెలిస్తే కదరా రాసేది. వాళ్లు ఊరుకున్నారంటే ఒప్పుకున్నారని కాదు, నువ్వెళ్లి అడగలేదని.”

ఇంకోసారి ఆయన అభ్యంతరానికి నేను చిరాగ్గా రెండు ముక్కల్లో జవాబు పడేస్తే, “అభ్యంతరం చెప్పేవాడు పగవాడు కాదురా, నువ్వు రాసింది పూర్తిగా చదివినవాడు” అన్నారు. కోప్పడలేదు. ఆయన బదులు ఆ కోపమంతా ఇప్పుడు నాకొస్తోంది.

పోయినేడు ఆ పాత వరస తీసేద్దామని ప్రతిపాదన వచ్చింది. కొత్త కంప్యూటర్లకు తగ్గట్టు దాన్ని సరిచేస్తూ ఉండే ఓపిక మాలో ఎవరికీ లేదు. మాస్టారు ఊళ్లు తిరిగి అభ్యంతరాలు పోగేసి తెచ్చారు. ప్రతిపాదన ఆగిపోయింది. ఈసారి ఆయన ఆసుపత్రిలో చేరిన నాలుగో రోజుకి అదే ప్రతిపాదన, అక్షరం మారకుండా, మళ్లీ వచ్చింది. పాత అభ్యంతరాలు పాత చర్చతోనే సరిట. కొత్త చర్చ గనక మళ్లీ కొత్తగా రావాలిట. రూల్సు ప్రకారం ఎవడూ వేలెత్తి చూపలేడు. సిగ్గులేని పని చేయడానికి ఇంతకన్నా మర్యాదైన దారి నేను చూడలేదు.

రెండు వారాలు గడిచాయి. ‘అభ్యంతరాలు ఏమీ రాలేదు’ అని రాసి వాళ్లిద్దరూ ఆమోదించారు. నేనూ ఆమోదించాను. ఆ సాయంత్రం ఆసుపత్రికి వెళ్లి, మంచం పక్కన కూర్చుని ఆయనకు కమలాపండు ఒలిచి పెట్టాను.

“గ్రూపులో ఏమన్నా వచ్చిందేంట్రా?” అని అడిగారు.

“ఏం లేదు మాస్టారూ” అన్నాను.

ఆ వరస తీసేసిన కొత్త వెర్షన్ ఈ వారమే అందరి కంప్యూటర్లలోకీ వెళ్లింది. దాన్ని తిరిగి పెట్టమని నిన్న ప్రతిపాదన మొదలుపెట్టాను. సగం రాసి, ఒక్కరినీ అడగకుండా మళ్లీ రాసేస్తున్నానని తెలిసి, చీరాల బస్సెక్కాను. అక్కడ చేనేత సంఘం ఆఫీసులో ఒకావిడ కీబోర్డు వైపు చూడకుండా ఉత్తరం కొడుతోంది. తెర మీద ముక్క అర్థం కాని అక్షరాలు పడుతున్నాయి. చెరిపేసి మళ్లీ కొడుతోంది.

“రెండ్రోజుల్నించీ చేతులు తప్పుతున్నాయండీ. పెద్దదాన్నయిపోయాను కదా” అంది నాతో.

“మీ చేతులు కాదమ్మా. మేమే మార్చేశాం” అన్నాను.

“ఎవర్నడిగి మార్చారండీ?” అంది. వేళ్లు కీబోర్డు మీదే ఉంచి, నా మొహంలోకి చూస్తూ ఆగింది.