కారు కండ్లకు బొట్టు

పంచవర్ణం చేతికి చిక్కినదేదీ బొట్టు లేకుండా బయటపడదు. గ్రైండరు, గ్యాసు పొయ్యి, ఎదురింటోళ్ల గేటు, కాస్త నిలబడితే ఎండకు కూడా పెట్టేస్తుంది. కొడుకు ధనశేఖర్ కొత్త టాక్సీ వెనక, ఏదన్నా అడ్డముంటే కూసే గుండ్రటి సెన్సార్లు కనబడితే వాటికీ చందనం మెత్తి కుంకుమ అద్దింది. ఆనాటినుంచి రివర్స్ గేరేస్తే ఆగని కూత! తీర్థమలై గుడికాడి కోతులే కొండ దిగి పారిపోయినాయి, ఇక యాత్రికులు బండెక్కుతారా? "బండి మార్చియ్యండి!" అని ధనశేఖర్ అమ్మను వెంటబెట్టుకుని పోయి షోరూములో గొంతు చించుకున్నాడు. "మా బండిలో తప్పు లేదు సార్" అని వాళ్లూ తగ్గలేదు. చివరికి సూపర్‌వైజర్ సత్యప్రియ వంగి చూసి, తడిగుడ్డతో సెన్సార్ల మీది బొట్లు తుడిచింది. కూత ఆగింది. పంచవర్ణం ముఖం వాడిపోయింది. "దాని కండ్లకు దిష్టి తగలకూడదని పెడితిని పాపా." "కండ్లు మూసేస్తే అది దారెట్ల చూస్తుంది అమ్మా?" అని సత్యప్రియ నవ్వి, ఆమె కుంకుమ బరిణె అడిగి తీసుకుని, డిక్కీ నడిమధ్యన తానే బొట్టు పెట్టింది. ఇప్పుడు ప్రతి శుక్రవారం పంచవర్ణం అక్కడే పెడుతుంది, పక్కనే చిన్నది ఇంకొకటి. అది షోరూము పాపకంట.