సముద్రం ఒడ్డున మల్లేశ్వర్ సార్ మడి

మా అమ్మాయి పూర్ణిమ చదివే సాతంరాయి బడిలో మల్లేశ్వర్ సార్ ఆటలు నేర్పేవారు. మాట ఇవ్వడం ఆయన బలహీనత, ఇచ్చిన మాట తప్పలేకపోవడం ఇంకో బలహీనత. ఖోఖోలో మన పిల్లలు గెలవకపోతే మీసం తీసేస్తానని ఒక ఏడు ప్రార్థన దగ్గర అందరి ముందూ అన్నారు. పిల్లలు ఓడిపోయారు. సోమవారం సార్ నున్నటి మూతితో బడికి వచ్చారు. మరుసటి ఏడు కూడా అదే మాట అన్నారు. నేను ఎరిగినంత కాలంలో ఆ మీసానికి పూర్తిగా పెరిగే తీరిక దొరకలేదు.

2012 వేసవిలో విశాఖ దగ్గర సముద్రం ఒడ్డున అంతర్జాతీయ బాలల శిబిరం జరిగింది. మా శంషాబాద్ విమానాశ్రయం చుట్టుపక్కల ఊళ్ల పిల్లలను కొందరిని కూడా పిలిచారు, విమానం టికెట్లు శిబిరం వాళ్లే పంపారు. రోజూ నెత్తి మీదుగా పోయే విమానంలో పిల్లలు మొదటిసారి ఎక్కబోతున్నారు. మా బడి నుంచి సార్‌ను పంపాలనుకున్నారు. తోడుగా ఒక తల్లి కావాలనగానే నేను చెయ్యెత్తాను. నేను ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చదివాను. అలల గురించి తెలిసినకొద్దీ నాకు భయం పెరిగిందే తప్ప తగ్గలేదు.

బయలుదేరే రోజు పాల్మాకుల ఊరి లింగమ్మ తన మనవడు జగదీశ్‌ను సార్ ముందు నిలబెట్టింది.

"సారూ, వీని కాలు సముద్రంల పడొద్దు. నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు."

సార్ చెయ్యి పెట్టి చెప్పారు. అది చూసి మిగతా తల్లులు కూడా పిల్లలను తీసుకుని వరుస కట్టారు. ఒట్ల మీద నమ్మకం లేని నేను కూడా పూర్ణిమను తీసుకుని వరుస చివర నిలబడ్డాను.

శిబిరంలో కొరియా, జర్మనీ, నేపాల్ పిల్లలు పొద్దున్నే తాడు కట్టిన హద్దు లోపల సముద్రంలో ఆడుతుంటే, మా పిల్లలు బూట్లు వేసుకుని ఇసుకలో కూర్చున్నారు. ఏ తప్పు చేసినందుకు వీళ్లకు ఈ శిక్ష అని ఒక జర్మనీ పిల్ల నన్ను అడిగింది. శిబిరం నడిపే కొరియా ఆవిడకు ఒట్టు సంగతి నేను ఇంగ్లీషులో వివరించాను. ఆవిడ శ్రద్ధగా విని, పిల్లలకు తలకు సంబంధించిన జబ్బేమైనా ఉందా అని అడిగింది.

సార్ ఆ సాయంత్రమే తల్లులకు ఒక్కొక్కరికీ ఫోన్ చేశారు. లింగమ్మ ఒప్పుకుంటే తామూ ఒప్పుకుంటామన్నారు అందరూ. లింగమ్మ ఒప్పుకోలేదు.

"చెయ్యి పెట్టి చేసిన ఒట్టు ఫోన్ల ఎట్ల తీస్తవు సారూ? పెట్టినప్పుడు నేనున్న. తీసేటప్పుడు గూడ నేనుండాలె."

మాట తప్పితే ఆ ఊళ్లలో ఏ తల్లీ ఇక ఆయన వెంట పిల్లలను పంపదు. నిలబెట్టుకుంటే పిల్లలు సముద్రం దాకా వచ్చి కాళ్లు తడవకుండానే ఇంటికి పోతారు. జగదీశ్ మాత్రం సార్‌కు వినపడేలా గొణుగుతూనే ఉన్నాడు. "మా బాయిల పైనుంచి దుంకుతా నేను. ఈడికొచ్చి బూట్లేస్కొని కూసున్న."

మర్నాడు సార్ తోటమాలిని అడిగి పార తెచ్చారు. తండ్రి పొలం విమానాశ్రయం కిందికి పోయాక ఆయన పార పట్టలేదట. ప్యాంటు మడిచి, అలలు ఆగేచోటికి కాస్త ఎగువన గట్టు పోసి మడి కట్టారు. అల వచ్చినప్పుడల్లా నీళ్లు అందులో పారేలా కాలువ తీశారు. కాళ్లు పడేది మడిలో, సముద్రంలో కాదు. ఇసుకలో నీళ్లు నిలవవని నేను చెప్పాను.

"ఇంకితే మళ్ల పారిద్దాం మేడం. సముద్రమేమన్న ఎండిపోతదా?" అన్నారు సార్.

పిల్లలు బూట్లు విప్పి మడిలో దూకారు. కాసేపటికి కొరియా పిల్లలు సముద్రం వదిలి వచ్చేశారు, వెనకే జర్మనీ వాళ్లు. నేపాల్ పిల్లలు పక్కనే ఇంకో మడి కట్టి కాలువను తమ వైపు తిప్పుకున్నారు. నీళ్ల వంతు కోసం జగదీశ్‌కూ వాళ్లకూ పెద్ద పంచాయితీ అయ్యింది. ఎవరి మాటా ఎవరికీ అర్థం కాకపోయినా రెండు పక్షాలూ తగ్గలేదు. సముద్రంలో ఎవరూ లేక కాపలావాళ్లు కూడా వచ్చి గట్టు మీద కూర్చున్నారు.

పోటు మొదలవుతోందని నేను సార్‌కు చెబుతూనే ఉన్నాను. ఆయన నేపాల్ వాళ్లు తెగ్గొట్టిన గట్టు పూడ్చే పనిలో ఉన్నారు. ఒక పెద్ద అల వచ్చి గట్టునూ కాలువనూ ఊడ్చేసింది. చూస్తుండగానే మడి లేదు, పిల్లలు మోకాళ్ల లోతు సముద్రంలో కేరింతలు కొడుతున్నారు. నేను పూర్ణిమను లాగాను, సార్ జగదీశ్ రెక్క పట్టుకున్నారు.

"సార్, నేనేడికీ పోలే," అన్నాడు జగదీశ్. "అదే వచ్చింది."

కాపలావాళ్లు నవ్వుతూ అందరినీ పైకి తోలారు. సార్ మధ్యాహ్నం అన్నం తినలేదు. అల తప్పు మనిషి మీద పడదని నేను చాలా చెప్పి చూశాను. నెత్తి మీద చెయ్యి పెట్టింది అల కాదు కదా మేడం, అన్నారు.

తిరిగొచ్చిన రోజు శంషాబాద్‌లో బయటికి రాగానే, సంచులు కూడా కింద పెట్టకుండా సార్ తిన్నగా లింగమ్మ దగ్గరికి నడిచారు.

"అమ్మా, మాట తప్పిన. జగదీశ్ సముద్రంల తడిసిండు."

పిల్లల కోసం వచ్చిన తల్లులందరూ చుట్టూ మూగారు. లింగమ్మ మనవడిని పైనుంచి కిందికి చూసింది.

"ఎంత దాంక?"

"మోకాళ్ల దాంక."

"మోకాళ్ల దాంకనేనా?" లింగమ్మ మొహం చిన్నబోయింది. "గాలి మోటరెక్కిచ్చి గంత దూరం తీస్కపోయి మోకాళ్ల దాంకనేనా సారూ? ఊరంత అడుగుతరు, ఏం చెప్పాలె?"

లింగమ్మ మనవడి చెయ్యి పట్టుకుని ఆటో వైపు నడిచింది.

"ఇంటికాడ మెడ దాంక అని చెప్పు, బిడ్డా."

"అమ్మా, గట్ల అబద్ధం..." అంటూ సార్ వెనకే వెళ్లారు.

"నిన్నెవరు చెప్పమన్నరు సారూ?" అంది లింగమ్మ. "నువ్వు ఊకో."