మూడు లాకులు మార్చిన వ్యాను

ఆమెను అందరూ టక్కులక్క అంటారు. ఆ పేరు పెట్టింది వ్యాన్ల డ్రైవర్లు. అత్తగారికి అది బొత్తిగా నచ్చలేదు. "టక్కరి కోడలనుకుంటారే జనం!" అని మొదట్లో సణిగింది. ఆర్నెల్లు తిరగకుండానే ఆవిడే, ఎవరైనా వెతుక్కుంటూ ఇంటికి వస్తే, "మా టక్కులక్క షెడ్డులో ఉంది, అటెళ్లండి" అని దారి చూపించసాగింది.

ఆ పేరుకూ మోసానికీ సంబంధమేమీ లేదు. బండి తలుపు వేస్తే రెండు చప్పుళ్లు రావాలి. తలుపులోని కొక్కెం చట్రానికున్న కడ్డీని అందుకోగానే మొదటి టక్కు. అది సగం పట్టు. పూర్తిగా బిగుసుకుంటే రెండోది. చాలామందికి రెండూ కలిసి ఒక్క చప్పుడుగా వినిపిస్తాయి. ఆమెకు విడివిడిగా వినిపిస్తాయి. తలుపు లాకులు తయారుచేసే ఫ్యాక్టరీలో, ఆఖరి బల్ల దగ్గర పన్నెండేళ్లు ఆమె విన్నది ఆ రెండు టక్కులే.

అక్కడ చేరిన కొత్తలో ఒకసారి, ఒక లాకు రెండో టక్కు కాస్త మెత్తగా అనిపించింది. పెట్టెలు నింపే తొందరలో దాన్ని పంపేసింది. ఇంటికి వచ్చాక కూడా ఆ చప్పుడే చెవిలో మెదిలింది. మర్నాడు పొద్దున్నే సూపర్‌వైజరు దగ్గరికెళ్లి చెప్పేసింది. పెట్టెలన్నీ మళ్లీ విప్పించారు. తోటివాళ్లు వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. లాకు దొరికింది. లోపల స్ప్రింగు చిట్లి ఉంది. సూపర్‌వైజరు తిట్టాల్సినంతా తిట్టి, "ఇకనుంచి అనుమానం వస్తే పక్కన పెట్టు, తర్వాత ఆలోచిద్దాం" అన్నాడు. అప్పటినుంచి ఆమెకు అదే అలవాటైపోయింది.

ఫ్యాక్టరీ వేరే ఊరికి తరలిపోయినప్పుడు ఆమె వెళ్లలేదు. తమ్ముడికి బండ్లకు రంగులు వేసే షెడ్డు ఉంది. అందులో ఒక మూల తీసుకుని, తలుపుల పని మొదలుపెట్టింది. లాకులు, హ్యాండిళ్లు, మడతబందులు, వెనక డిక్కీ మూతలు. తలుపు కానిదేదీ ముట్టుకోదు.

ఒకరోజు ఒక వ్యాను వచ్చింది. కుట్టుపని చేసే ఆడవాళ్లను పొద్దున తీసుకెళ్లి సాయంత్రం దింపే బండి. దాని పక్క తలుపు నడుస్తుండగానే తెరుచుకుంటోంది. డ్రైవరు విసిగిపోయి ఉన్నాడు.

"మూడు నెలల్లో మూడు లాకులు మార్పించానక్కా. మూడు చోట్ల. షెడ్డులో ఉన్నంతసేపూ బంగారంలా పడుతుంది. రోడ్డెక్కగానే నోరు తెరుస్తుంది. ఇప్పుడు తాడు కట్టి నడుపుతున్నా."

"తాడు కడితే లోపలివాళ్లు దిగేదెలా?"

"నేను దిగొచ్చి విప్పుతా."

"మీకే ఏదైనా అయితే?"

డ్రైవరు తాడు ముడి విప్పి, తలుపు ఆమెకు వదిలి పక్కకు జరిగాడు.

ఆమె తలుపును ఇరవైసార్లు వేసి తీసింది. ప్రతిసారీ రెండు టక్కులూ శుభ్రంగా వినిపించాయి. కడ్డీ వంగలేదు, మడతబందులు వదులు కాలేదు. నాలుగో లాకు బిగించి పంపడం ఆమెకు నిమిషాల పని. కానీ చెయ్యి రాలేదు.

"రేపు పొద్దున నేను కూడా వస్తా. ఆడవాళ్లందరూ ఎక్కాకే చూడాలి."

మర్నాడు ఆమె వ్యాను లోపల తలుపు పక్కన చిన్న పీట వేసుకుని కూర్చుంది. తాడును తలుపుకే ఉంచి, రెండో కొస విప్పించి చేత్తో పట్టుకుంది. ఒక్కొక్కరే ఎక్కారు. ఆఖరున ఒక పెద్దావిడ, భారీ మనిషి, ఆయాసపడుతూ ఎక్కి సరిగ్గా తలుపు పక్క సీట్లో కూర్చుంది. ఆవిడ చేతిలో పెద్ద సంచి, నిండా అందరికీ తెచ్చే భోజనం డబ్బాలు, నీళ్ల సీసాలు. కూర్చుంటూనే సంచిని తలుపు లోపలి హ్యాండిలుకు తగిలించింది. కిందికి నొక్కితే తెరుచుకునే రకం హ్యాండిలు అది.

బండి కదిలింది. మొదటి స్పీడ్‌బ్రేకరు దగ్గర సంచి ఎగిరి పడింది. హ్యాండిలు వేలెడంత కిందికి దిగింది. తలుపు సగం పట్టుకు జారింది. రెండో స్పీడ్‌బ్రేకరుకు ఆ సగమూ వదిలేసింది. జానెడు సందులోంచి గాలి కొట్టింది. ఆమె తాడు బిగబట్టి, "ఆపండి!" అని అరిచింది.

డ్రైవరు వచ్చి చూశాడు. మూడు నెలల కోపమంతా ఒక్కసారి బయటికొచ్చింది. "మీ సంచా! మూడు లాకులు మింగింది మీ సంచా!"

పెద్దావిడ బిత్తరపోయింది. "నేను తలుపు ముట్టుకోలేదు బాబూ, ఒట్టు. పాత లాకు విరిగి అది తెరుచుకున్న రోజునుంచేగా నేనిక్కడ కూర్చుంటోంది. ఆ పిల్ల నిండు మనిషి," అని వెనక సీటు వైపు చూపించింది. "మిగతావాళ్లు గాలొస్తే ఎగిరిపోయేలా ఉంటారు. నేనైతే అంత తేలిగ్గా పడను కదా అని..." ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

టక్కులక్క సంచిని హ్యాండిలు మీంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. అందరి డబ్బాలూ మోసుకొస్తున్నదీ, అందరికీ అడ్డంగా కూర్చుంటున్నదీ ఈవిడే.

"పిన్నిగారూ, మీ తప్పేం లేదు," అంది నెమ్మదిగా. తర్వాత డ్రైవరు వైపు తిరిగింది. "ఇంత బండిలో సంచి తగిలించడానికి ఒక్క మేకైనా ఉందా? చేతికేది అందితే దానికే తగిలిస్తారు. నేనైనా అంతే."

డ్రైవరు చల్లబడ్డాడు. "నిజమే పెద్దమ్మా, నోరు జారాను," అన్నాడు.

ఆ మధ్యాహ్నమే పని పూర్తయింది. హ్యాండిలుకు గట్టి స్ప్రింగు వేసి, పైకి లాగితేనే తెరుచుకునేలా తిప్పి బిగించింది. కిటికీల పైన వరసగా ఎనిమిది కొక్కేలు కొట్టింది. డబ్బాల సంచిలాంటిదే ఒకటి ఇసుకతో నింపించి, డ్రైవరును వీధి చుట్టూ అన్ని స్పీడ్‌బ్రేకర్ల మీదా నడపమంది. తలుపు కదల్లేదు. తాడు తీసి డ్రైవరు చేతిలో పెట్టింది.

వ్యాను యజమాని మిగతా ఐదు బండ్లనూ పంపించాడు. వాటిలో మొదటిదాని తలుపు విప్పుతుండగా షెడ్డు ముందు ఎవరో ఆగారు. ఆ పెద్దావిడే.

"మా ఇంట్లో బీరువా తలుపు పడట్లేదమ్మా. నువ్వొచ్చి చూడాలి."

"నాకు బండి తలుపులే వచ్చు పిన్నిగారూ."

"బీరువాకి చక్రాలు లేవు గానీ, తలుపు తలుపే కదా?"

తమ్ముడు రంగు పిచికారీ ఆపి నవ్వాడు. టక్కులక్క చేతులు తుడుచుకుని, పనిముట్ల సంచి అందుకుంది.